ఏ రెండు తీగలైనా

మూడు ఫేజుల మోటారుకి ఒక ఫేజు పోతే, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒకటి ఆగితే, అది మూలుగుతుంది. బొత్తాం నొక్కితే తిరగదు, అలాగని ఊరుకోదు. ఉన్నచోటే బిగుసుకుపోయి, కడుపునొప్పి వచ్చిన మనిషిలా సన్నగా మూలుగుతూ వేడెక్కిపోతుంది. నాకు యాభై రెండేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు రావులపాలెంలో మోటార్లు చుట్టే షాపులోనే గడిచాయి. కాలిపోయిన మోటారు తెస్తారు. లోపలి పాత తీగంతా పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నీషు పట్టించి, ఆరబెట్టి ఇస్తాను. తెచ్చిన ప్రతివాడూ "దానంతటదే కాలిపోయిందండి" అంటాడు. దానంతటదే కాలిపోయిన మోటారుని ఇన్నేళ్ళలో ఒక్కదాన్ని కూడా చూడలేదు నేను. ఎవరో ఒకరు దాన్ని మూలగనిస్తేనే కాలుతుంది.

ఆరేళ్ళుగా ఆ మూలుగు నాకు పడదు. షాపులో ఎక్కడ వినిపించినా చేతిలో పని పడేసి పరుగున వెళ్ళి మెయిన్ కట్టేస్తాను. ఇంత అనుభవం ఉన్నవాడికి కరెంటంటే అంత భయమేంటని పక్క షాపులవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కరెంటంటే నాకు భయం లేదు. మూలిగే మోటారుకి సొంత దిక్కంటూ ఉండదు. ఇరుసు పట్టుకుని ఇటు తోస్తే ఇటు, అటు తోస్తే అటు అందుకుని తిరుగుతుంది. ఎవరిదో ఒకరి చెయ్యి కోసం అది అక్కడ కాచుకుని కూర్చున్నట్టుంటుంది నాకు. ఒక చెయ్యి దానికి దొరికింది. అది మా బావది.

పోయిన నెలలో ఈదురుగాలి కొట్టి మా వైపు స్తంభాలు చాలా పడిపోయాయి. కరెంటు రావడానికి నాలుగు రోజులు పట్టింది. వచ్చిన రోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది. అక్కది కాలవగట్టు మీద ఊరు, రావులపాలెం నుంచి బండి మీద అరగంట. అక్కడ వాళ్ళకి పిండిమర ఉంది. బావ పోయాక దాన్ని అక్కే నడుపుతోంది, పనికి ఒక పెద్దాయన ఉన్నాడు.

"తమ్ముడూ, మర ఎనక్కి తిరుగుతోందిరా."

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్న కరెంటొచ్చిన కాణ్ణించి. పెద్దాయన ఆపేశాడు. మినప్పప్పు పోసినావిడ డబ్బా తీసుకుని ఎల్లిపోయింది. ఎవరూ లోపలికి రావట్లేదు." తర్వాత గొంతు తగ్గించి, "మీ బావగారు వచ్చారేమోరా" అంది.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మా వైపు చిన్నప్పుడే చెబుతారు. ఆయన చేత్తో తిరిగిన మర, ఆయన చనిపోయిన మర, ఉన్నట్టుండి ఒక పొద్దున్న వెనక్కి తిరిగితే ఊరు ఏమనుకుంటుందో నాకు తెలుసు. ఇంకెవరైనా అయితే ఫోనులోనే కసిరేవాణ్ణి. లైనుమెన్లు తీగలు అటూ ఇటూ కట్టారు, రెండు నిమిషాల పని, దెయ్యమూ లేదు భూతమూ లేదు, అని చెప్పి పెట్టేసేవాణ్ణి. అక్కతో ఆ మాట అనలేకపోయాను. "వస్తున్నాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని మాత్రం అన్నాను.

అసలు మోటారు ఎందుకు తిరుగుతుందో బావకి నేనే చెప్పాను. బావ మనిషి నోరు ఊరుకునే రకం కాదు. నన్ను "ఇంజనీరు గారూ" అని పిలిచేవాడు, అందులో గౌరవం ఒక్క పిసరు కూడా ఉండదు. మర పెట్టిన కొత్తలో మోటారు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "ఇంజనీరు గారూ, లోపల దీన్ని తిప్పేవాడు ఎవడండీ?" అని అడిగాడు. తీగ చుట్టడం వచ్చు గానీ వివరంగా చెప్పడం నాకు రాదు. ఎదురుగా వాకిట్లో అక్క, మా అమ్మ, పక్కింటావిడ ఒకే రోట్లో కారం దంచుతున్నారు. మూడు రోకళ్ళు, ఒకటి తర్వాత ఒకటి, వంతు తప్పకుండా పడుతున్నాయి. అదిగో అలాగే బావా, అన్నాను. మోటారు లోపల గుండ్రంగా మూడు జతల తీగచుట్లు ఉంటాయి. ఒక్కో జతకి ఒక్కో ఫేజు. మూడు ఫేజులూ ఒకేసారి బలం చూపించవు, వరసగా ఒకదాని తర్వాత ఒకటి పుంజుకుంటాయి. ముందు అక్క దెబ్బ, తర్వాత అమ్మ దెబ్బ, తర్వాత పక్కింటావిడ దెబ్బ, మళ్ళీ అక్క. ఆ దెబ్బ రోటి చుట్టూ తిరుగుతోంది చూడు. మోటారులో అయస్కాంతం లాగుడు కూడా అలాగే చుట్టూ తిరుగుతుంది, మధ్యలో ఉన్న ఇనుప దిమ్మ దాని వెంట పడి తిరుగుతుంది, అంతే.

"అంటే నీ మోటార్లో ముగ్గురు ఆడాళ్ళున్నారన్నమాట. అందుకా ఇంత సొద!" అన్నాడు బావ. అక్క రోకలి ఆపి కళ్ళు ఉరిమింది.

కానీ బావ తెలివైనవాడు. అక్కడితో వదల్లేదు. మరి వెనక్కి ఎలా తిరుగుతుంది అన్నాడు. అమ్మా, పక్కింటావిడా చోట్లు మార్చుకున్నారనుకో, అన్నాను. ఎవరి వంతు వాళ్ళదే, కానీ నిలబడ్డ చోట్లు మారాయి కాబట్టి ఇప్పుడు దెబ్బ రోటి చుట్టూ రెండో వైపు నుంచి తిరుగుతుంది. మోటారుకి వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటిని అటూ ఇటూ మార్చినా అంతే, మోటారు వెనక్కి తిరుగుతుంది. "ఏ రెండైనా?" అన్నాడు. ఏ రెండైనా. "మరి ముగ్గురూ తలో చోటు పక్కకి జరిగితే?" ఆ ప్రశ్న ఇంతవరకూ నన్ను ఇంకెవరూ అడగలేదు. ముగ్గురూ ఒకే వైపు తలో చోటు జరిగితే వరస అలాగే ఉంటుంది, మార్పు ఉండదు అన్నాను. "మరి ఒకావిడ అలిగి లేచిపోతే?" అప్పుడు ఇద్దరే మిగులుతారు బావా, దెబ్బ ఇటూ అటూ పడుతుంది గానీ చుట్టూ తిరగదు. మోటారు ఎటు తిరగాలో తెలియక నిలబడి మూలుగుతుంది. ఎవరైనా చేత్తో ఒక్క తోపు తోస్తే మటుకు, తోసిన వైపుకి అందుకుంటుంది.

ఆ చివరి మాట నేను చెప్పకుండా ఉండాల్సింది.

మా ఊళ్ళలో ఒక ఫేజు పోవడం రోజూ ఉండేదే. స్తంభం మీద ఫ్యూజు పోతుంది, వేసేవాళ్ళు వచ్చేసరికి పూట గడుస్తుంది. ఈలోగా పిండి కోసం వచ్చినవాళ్ళు డబ్బాలు పట్టుకుని నిలబడతారు. బావ వాళ్ళని తిప్పి పంపేవాడు కాదు. మోటారుకీ మరకీ మధ్య వెడల్పాటి బెల్టు ఉండేది. బావ మోటారు పక్కన వంగుని, జారకుండా చేతికి కండువా చుట్టుకుని, బెల్టు పట్టుకుని "ఊ" అనేవాడు. అక్క స్టార్టరు మీద పచ్చ బొత్తాం నొక్కేది. మోటారు మూలిగేది. బావ బెల్టుని బలంగా ఒక్క లాగు లాగేవాడు. మోటారు అందుకునేది, బెల్టు చేతిలోంచి జారిపోయేది, బావ నవ్వుతూ లేచేవాడు. ఒక ఫేజు పోతే స్టార్టరు దానంతటదే పడిపోయేలా లోపల రిలే ఒకటి ఉంటుంది. మాటిమాటికీ పడిపోతోందని బావ దాన్ని తీయించేశాడు. తీసింది కూడా నేనే. మా వైపు సగం స్టార్టర్లకి అది ఉండదు. ఉన్నవాళ్ళకి ఉన్నట్టు తెలియదు.

బావ ఎప్పుడూ ఒకే పక్కన వంగునేవాడు. బెల్టు పుల్లీ చక్రం మీద నుంచి బయటికి వచ్చే పక్క. ఆ పక్కన చెయ్యి పెడితే బెల్టు చేతిని బయటికి నెట్టేస్తుంది. రెండో పక్క బెల్టు పుల్లీ కిందకి దూరుతుంది, అక్కడ చెయ్యి పెడితే అంతే సంగతులు. ఇది ఆయనకి బాగా తెలుసు. కానీ ఏది బయటికి వచ్చే పక్క, ఏది లోపలికి పోయే పక్క అన్నది మోటారు తిరిగే దిక్కుని బట్టి ఉంటుంది.

ఆరేళ్ళ కిందట ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది పెట్టినప్పుడు తీగల వరస మారిపోయి ఊళ్ళో మోటార్లన్నీ వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. నేను వెళ్ళి ఒక్కో స్టార్టరు విప్పి, రెండేసి తీగలు మార్చుకుంటూ వచ్చాను. బావ మరలో కూడా మార్చాను. వారం గడిచింది. ఎనిమిదో రోజు ఆ ఊరి చివర కొబ్బరి తోటలో మోటారు నీళ్ళు సరిగా తోడటం లేదంటే వెళ్ళాను. పంపు వెనక్కి తిరిగినా కాసిని నీళ్ళు పోస్తుంది, అందుకని చాలామందికి తెలియదు, బోరులో నీళ్ళు తగ్గాయనుకుంటారు. చూద్దును గదా, వెనక్కి తిరుగుతోంది. వారం కిందట నా చేత్తో మార్చిన మోటారే అది. తోటలో పనిచేసే ఆయన చెప్పాడు, పొద్దున్న లైనుమెన్లు వచ్చి వరస తప్పుందని స్తంభం దగ్గరే సరిచేసి వెళ్ళారట. వాళ్ళు చేసింది సరైన పనే. నేను చేసిందీ సరైన పనే. ఒక తప్పుని ఇద్దరు విడివిడిగా సరిచేస్తే అది మళ్ళీ తప్పై కూర్చుంటుంది. అంటే నేను మార్చిన మోటార్లన్నీ ఇప్పుడు వెనక్కే తిరుగుతాయి. బావది కూడా.

అప్పుడు టైము పన్నెండున్నర. బావకి చెప్పాలని బయల్దేరాను. ఫోను చెయ్యొచ్చు, కానీ మరలో ఉన్నప్పుడు బావ ఫోను తియ్యడు, ఆ చప్పుడులో వినిపించదు. మరకి వెళ్ళే దారిలోనే అక్క ఇల్లు. ఆగాను. ఇంట్లో ఫాను తిరగడం లేదు. అక్క విసనకర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఓహో, కరెంటు లేదు, మర ఎలాగూ ఆగే ఉంటుంది, తొందరేముంది అనుకున్నాను. చేపల పులుసు వాసన వస్తోంది. కూర్చుని తిన్నాను. తిన్నాక చాప వేసుకుని పడుకున్నాను.

ఇళ్ళకి ఒక్క ఫేజే వస్తుంది. ముప్పై ఏళ్ళుగా దీంతోనే బతుకుతున్నవాడికి ఆ సంగతి ఎవరైనా చెప్పాలా? ఫాను ఆగితే పోయింది కరెంటు కాదు, అక్క ఇంటికొచ్చే ఆ ఒక్క ఫేజు. మిగిలిన రెండూ మరలో ఉన్నాయి. నేను పడుకున్నాక అక్క క్యారేజీ పట్టుకుని మరకి వెళ్ళింది. ఆ పొద్దున్న నుంచి మర వెయ్యలేదు, అప్పుడే ఇద్దరు ముగ్గురు డబ్బాలతో వచ్చి నిలబడ్డారు. ఈ కాస్తా తిప్పేసి తింటానని బావ చేతికి కండువా చుట్టుకుని మోటారు పక్కన వంగున్నాడు. అక్క బొత్తాం నొక్కింది. మోటారు మూలిగింది. బావ లాగాడు, అందుకోలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారి లాగుతుండగా స్తంభం దగ్గర ఎవరో ఫ్యూజు పెట్టారు. మూడో ఫేజు వచ్చింది. మోటారుకి సొంత దిక్కు వచ్చింది. ఆ దిక్కు బావ లాగేదానికి ఎదురు.

చెయ్యీ కండువా కలిసి పుల్లీ కిందకి పోయాయి. మనిషి ముందుకి పడ్డాడు. తల మోటారు బిగించిన సిమెంటు దిమ్మకి కొట్టుకుంది. రాజమండ్రి తీసుకెళ్తుంటే బ్రిడ్జి దాటకముందే పోయాడు. ఆయన తల నా ఒళ్ళో ఉంది. నా చొక్కాకి అప్పటికీ చేపల పులుసు వాసనే ఉంది.

మూడో రోజున ఇంటినిండా జనం ఉండగా నేను మరలోకి వెళ్ళి స్టార్టరు విప్పి రెండు తీగలు మార్చేసి వచ్చాను. ఇకమీదట ఎవరికీ ప్రమాదం ఉండకూడదని అనుకున్నాను. అబద్ధం. ఎవరైనా చూస్తే మోటారు వెనక్కి తిరుగుతోందని తెలిసిపోతుందని చేశాను. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు.

అక్క మాత్రం ఒక మాట పట్టుకుంది. ఆ రోజు బావ "ఊ" అనకముందే తను బొత్తాం నొక్కేశానని. అన్నం చల్లారిపోతోందని తొందరపడ్డానని. దినాల్లో వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. "ఆయన ఇంకా ఊ అన్లేదండి, నేను నొక్కేశానండి" అని. ఆ తర్వాత చెప్పడం మానేసింది, అనుకోవడం మానలేదు. మర మళ్ళీ తెరిచినా పచ్చ బొత్తాం జోలికి పోలేదు. అందుకోసమే ఆ పెద్దాయన్ని పనిలో పెట్టుకుంది. ముందు నొక్కినా వెనక నొక్కినా తేడా లేదు, నొక్కితే మోటారు మూలుగుతుందే గానీ కదలదు, బావని లాక్కున్నది ఆమె వేలు కాదు. ఈ సంగతి చెప్పగలిగినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఆరేళ్ళు చెప్పలేదు. చెబితే తీగల వరస గురించి చెప్పాలి, పన్నెండున్నర గురించి చెప్పాలి. మూడో రోజు గురించి చెప్పాలి. వెళ్ళిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దాం అనుకోవడం, కాఫీ తాగి వచ్చేయడం. పిరికివాణ్ణి. ఆ మాట వేరేవాళ్ళు అంటే కొట్టేంత కోపం వస్తుంది నాకు, కానీ నిజం అదే.

ఫోను వచ్చిన రోజు నేను వెళ్ళేసరికి దారిలో అరటి తోటలన్నీ నేలకి పడుకుని ఉన్నాయి. మర ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు దూరంగా నిలబడి ఉన్నారు. పెద్దాయన నాకు ఎదురొచ్చి, "ఆయ్, నేను నొక్కానండి. అందుకోగానే ఎనక్కి తిరిగిందండి. ఒళ్ళు జలదరించిందండి బాబూ" అన్నాడు.

లోపల అక్క ఒక్కతే ఉంది. మోటారు ముందు నేల కడిగింది. ఇత్తడి చెంబుతో నీళ్ళు పెట్టింది. బయటినుంచి ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళు కడుక్కోమని ఇచ్చినట్టు. చెంబు పక్కన ఉతికి మడతపెట్టిన తువ్వాలు కూడా ఉంది. అక్క ముఖంలో భయం లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో వస్తారని ఇల్లు సర్దుకున్న ముఖం అది.

"ఆయన కోపంగానే వచ్చుంటార్రా" అంది. "వస్తే రానీ. కాళ్ళు కడుక్కుని, నాలుగు తిట్టి ఎళ్ళమను. తిడితే నాకు బాగుణ్ణు."

నేను మెయిన్ కట్టేసి స్టార్టరు మూత విప్పాను. ఎరుపు, పసుపు, నీలం. ఎరుపుదీ నీలానిదీ స్క్రూలు విప్పి, దాని చోట ఇది, దీని చోట అది పెట్టి బిగించాను. మెయిన్ వేశాను. పచ్చ బొత్తాం ఇలా నొక్కి అలా ఎర్రది నొక్కాను. తిరిగే దిక్కు చూడటానికి అంత చాలు. పుల్లీ ఒక్క చుట్టు తిరిగి నెమ్మదిగా ఆగింది. సరైన వైపే.

అక్క దాన్ని చూసింది. నా చేతిలో స్క్రూడ్రైవరు చూసింది. చెంబు వైపు చూసింది.

"అంతేనా?" అంది.

"అంతే అక్కా. గాలికి పడ్డ తీగలు మళ్ళీ కట్టేటప్పుడు వరస మార్చి కట్టారు. ఏ రెండు తీగలు మార్చినా ఎనక్కి తిరుగుద్ది, మళ్ళీ మారిస్తే ముందుకి."

"అంటే ఆయన రాలేదు."

"రాలేదక్కా."

పీట మీద కూర్చుంది. ఆ "రాలేదు" అన్నమాట ఆమెకి ఎంత దెబ్బో అప్పుడు తెలిసింది నాకు. వంగుని చెంబు తీసి పక్కన పెట్టబోయింది, ఆగింది. తల ఎత్తి, "ఆ రోజు కూడా ఇలాగే ఎనక్కి తిరిగిందా?" అని అడిగింది.

అక్క చదువుకోలేదు. కానీ వాకిట్లో కారం దంచుతూ మా మాటలన్నీ విన్న మనిషి. ఆరేళ్ళూ నేను భయపడ్డది ఈ ప్రశ్నకే. లేదు అని ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. ఆమె తన వేలుని తిట్టుకుంటూ బతుకుతుంది, నేను కాఫీ తాగి వెళ్ళిపోతాను. గొంతు వరకూ వచ్చింది ఆ ముక్క. మడత పెట్టిన ఆ తువ్వాలు చూశాను. అనలేకపోయాను.

అన్నీ చెప్పాను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలుపెట్టి, కొబ్బరి తోట, పన్నెండున్నర, తిరగని ఫాను, పులుసు, చాప, మూడో రోజు తీగలు మార్చడం, ఒక్కటీ దాచలేదు. మధ్యలో ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ మగాణ్ణి, పిండిమరలో నిలబడి పసివాడిలా ఏడిచాను. అక్క కదలకుండా వింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"అయితే నేను ముందు నొక్కడం వల్ల కాదు."

"కాదక్కా. నీ తప్పు లేదు. ఒట్టు."

ఆమె కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు చూసుకుంది. ఆ వేలు తనది కానట్టు, ఎవరో తెచ్చి ఇచ్చినట్టు చూసుకుంది. ఒక్క క్షణం ఆమె ముఖం వదులైంది. బావ ఉన్నప్పటి ముఖం అది, నేను ఆరేళ్ళుగా చూడని ముఖం. ముందే చెప్పి ఉంటే ఆ ఆరేళ్ళూ ఆ ముఖమే ఉండేదేమో. నన్ను తిడుతుందని, కొడుతుందని, ఇక తన గడప తొక్కొద్దంటుందని ఎదురు చూశాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

ఆమె లేచి వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుంది, మణికట్టు దగ్గర.

"ఆ పూట నువ్వు రాగానే ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"బావతో పనుంది అక్కా, మరకి ఎళ్ళొచ్చేత్తాను అన్నావు. చెప్పులు కూడా ఇప్పలేదు నువ్వు. పులుసు ఏడిగా ఉంది, తినేసి ఎళ్ళరా అని ఇదిగో, ఇలా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. నువ్వు వద్దన్నావు. నేనే వదల్లేదు."

"అలా జరగలేదక్కా. ఆకలేసి నేనే ఆగాను."

"నీకేం తెలుసురా" అంది. చెయ్యి వదల్లేదు.

ఎంత తవ్వుకున్నా అది నాకు గుర్తు రావడం లేదు. చెప్పులు విప్పానో లేదో, ఆమె పట్టుకుందో లేదో, నేను వద్దన్నానో లేదో. ఆమె చెప్పింది నిజమో, నా బరువులో సగం తను మోయడానికి అప్పటికప్పుడు అల్లి చెప్పిందో నాకు తెలియదు. నిజమైతే, ఆరేళ్ళు మోసిన తప్పు ఒకటి ఆమె మీద నుంచి తీసి ఇంకోటి పెట్టి వచ్చాను. అబద్ధమైతే, మొగుణ్ణి పోగొట్టిన తమ్ముడి కోసం ఆ మనిషి అబద్ధమాడింది. ఈ రెంటిలో ఏది అని అడగడానికి రెండుసార్లు వెళ్ళాను. అడగకుండానే వచ్చేశాను.